కొరికే చిలుక

నా కుడిచేతి చూపుడువేలిపై ఒక చిన్న మచ్చ ఉంది. పట్టుమని వంద గ్రాములైనా తూగని ఒక పక్షి చేసిన గాయమది. ఆ గాయం ఎప్పుడో మానింది గాని, దాని వెనుక నేను చేసిన తప్పు మాత్రం ఇంకా గుచ్చుతూనే ఉంది.

పదో పుట్టినరోజుకు మా అమ్మాయి చిలుకను కోరింది. మన రామచిలుకను పట్టి పంజరంలో పెట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అందుచేత ఆస్ట్రేలియా మూలంగా గల, మనుషుల మధ్యనే పుట్టి పెరిగే కాకటీల్ జాతి పిల్లనొకదాన్ని తెచ్చాము. పది వారాల వయసు, బూడిదరంగు ఒళ్ళు, తలపై కుచ్చు, చెక్కిళ్ళపై నారింజరంగు బొట్లు. మా అమ్మాయి దానికి బుజ్జి అని పేరు పెట్టింది.

వచ్చిన కొత్తలో అది చొక్కా గుండీలు, కళ్ళజోడు కాడలు, పుస్తకాల అంచులు, అన్నింటినీ నోట పెట్టి చూసేది. చిలుకజాతికి ముక్కు మూడో చేయి వంటిది. కొమ్మపై కాలు మోపేముందు అది గట్టిదో కాదో ముక్కుతో పట్టి చూసుకుంటుంది. మాకు ఆ సంగతి తెలియదు. వేలెక్కబోతూ ముక్కు చాచగానే కొరుకుతుందేమోనని చేయి లాగేసుకునేవాళ్ళం. కదిలిపోయే కొమ్మను ఎవరు నమ్ముతారు? మరుసటిసారి అది ఇంకా గట్టిగా పట్టుకునేది. మేము కెవ్వుమనేవాళ్ళం, చేయి మాయమయ్యేది. కొరికితే ఇష్టంలేని చేయి తొలగిపోతుందన్న సూత్రాన్ని ఆ పసిదానికి నేర్పినది మేమే.

ఒకనాటి సాయంత్రం దాన్ని పంజరంలోకి పంపబోతే వేలు రక్తం వచ్చేలా కొరికింది. ముక్కు మీద ఒక్కటిస్తే దారికొస్తుందని తెలిసినవారొకరు అంతకుముందే సలహా ఇచ్చి ఉన్నారు. బాధతో, కోపంతో వేలితో దాని ముక్కుపై కొట్టాను. అది పంజరం మూలకు పోయి, కుచ్చును తలకు అంటించుకుని, బుసకొడుతూ నన్నే చూసింది. ఆ తరువాత మూడు రోజులు ఎవరి చేయి చూసినా వెనక్కి నక్కింది. మా అమ్మాయి చేయి చూసినా అంతే.

"నాన్నా, అది భయపడి కొరికింది. మరి నువ్వెందుకు కొట్టావు?" అని అడిగింది అమ్మాయి. నా దగ్గర సమాధానం లేదు.

అప్పటినుంచి నేను చదవడం మొదలుపెట్టాను, పుస్తకాలను కాదు, పక్షిని. అది చెప్పకుండా ఎన్నడూ కొరకలేదు. కుచ్చు తలకు అతుక్కోవడం, నోరు సగం తెరవడం, ఒళ్ళు అటూ ఇటూ ఊపడం, బుసకొట్టడం... ఇవన్నీ అది చెప్పే మాటలు. వాటిని వినగానే ఆగిపోవడం నేర్చుకున్నాము. ఒకవేళ కొరికినా అరవకుండా, విదిలించకుండా, నెమ్మదిగా దించి పక్కకు తప్పుకునేవాళ్ళం. దానికి రాత్రి పది పన్నెండు గంటల చీకటి, నిశ్శబ్దం అవసరం. మా హాలులో పదకొండు దాకా టీవీ మోగుతుంది. నిద్ర చాలని పసిపిల్ల చిరాకుపడటంలో వింతేముంది? పంజరాన్ని లోపలి గదికి మార్చాము.

ఇక మచ్చిక చేసినది కొర్ర కంకి. పెంపుడు పక్షుల దుకాణాలలో ఖరీదైన పొట్లాలలో అమ్మేది మన చేలల్లో పండే కొర్రే! మొదట ఊచల బయటినుంచి, తరువాత తలుపు దగ్గర, ఆ తరువాత అరచేతిలో పెట్టి అందించాము. తొలివారం నేను మొహం తిప్పుకుంటేనే తినేది. మూడో వారానికి అమ్మాయి చేతిపైకి ఎక్కింది. నా దగ్గరకు రావడానికి ఆరు వారాలు పట్టింది.

ఆ రోజు అది మచ్చ ఉన్న వేలినే ముక్కుతో పట్టి నొక్కి చూసింది. చేయి లాగేసుకోవాలని ఒళ్ళంతా చెబుతున్నా, ఊపిరి బిగబట్టి వేలిని కొమ్మలా నిలిపాను. ఒక కాలు మోపింది. కాసేపాగి రెండోది.

ఇప్పటికీ అప్పుడప్పుడు కొరుకుతుంది. అలా కొరికినప్పుడు, నేను వినకుండా వదిలేసిన మాటేదో అంతకుముందు ఉండే ఉంటుంది.

ఆనాడు గుమ్మంలో నిలబడి చూస్తున్న మా అమ్మాయి ఏమీ అనలేదు. కొర్ర కంకుల డబ్బా తెచ్చి నా పక్కన పెట్టి వెళ్ళిపోయింది.