పోపుల డబ్బా బండి

తాళాలు చేతికొచ్చిన సాయంత్రం షోరూమ్ ముందే పరువు పోగొట్టుకున్నాను. బ్రేకు తొక్కి స్టార్ట్ బటన్ నొక్కాను. చప్పుడు లేదు. మళ్లీ నొక్కాను. ఊహూఁ. మూడోసారి నొక్కబోతుంటే పక్క సీట్లోంచి మా ఆవిడ, "ఏమండీ, అక్కడ ఏదో పచ్చగా వెలుగుతోంది, మీరు నొక్కగానే ఆరిపోతోంది" అంది. చూస్తే నిజమే. మీటర్ల దగ్గర 'రెడీ' అని వస్తోంది, నేను చేతులారా ఆర్పేస్తున్నాను. ఇరవయ్యేళ్లు గుర్రుమనే బండ్లు నడిపిన చెవి కదా, గుర్రు వినబడకపోతే బండికి ప్రాణం ఉందని నమ్మదు. ఈసారి ఒక్కసారే నొక్కి, డి లో వేసి, బ్రేకు మీంచి కాలు తీశాను. బండి పిల్లిలా కదిలింది. గేటు దగ్గర సెక్యూరిటీ అబ్బాయి పక్కకి తప్పుకోలేదు, పాపం అతనికీ వినబడలేదు. రోడ్డెక్కాక రెండొందల గజాలు పోయిన తర్వాత ఎక్కడో కింద మెల్లగా ఒక ఇంజను నిద్ర లేచింది. మా ఆవిడా నేనూ మొహాలు చూసుకుని చిన్నపిల్లల్లా నవ్వాం.

కొత్తగా హైబ్రిడ్ కొన్నవాళ్లకి నేను చెప్పే మొదటి మాట ఇదే. చప్పుడు కోసం చూడకండి, 'రెడీ' కోసం చూడండి.

రెండో రోజు నుంచీ అపార్టుమెంట్లో ఒకటే ప్రశ్న. "ఛార్జింగ్ ఎక్కడ పెడతారు సార్?" ఎక్కడా పెట్టను. ప్లగ్గే లేదు. పెట్రోలు పోస్తాను, అంతే. "మరి బ్యాటరీ?" అదే నింపుకుంటుంది. "దేంతో?" బ్రేకుతో. ఇక్కడికొచ్చేసరికి అవతలి మనిషి నన్ను ఎవరో మోసం చేశారన్నట్టు జాలిగా చూస్తాడు. ఆయన్నని లాభం లేదు, వారం కిందటిదాకా నేనూ అలాగే చూసేవాణ్ణి.

మాది ఆ కవలల్లో ఒకటి. 2022లో టొయోటా హైరైడర్ అని ఒకటి, మారుతి గ్రాండ్ విటారా అని ఇంకొకటి వచ్చాయే, అవి. చొక్కాలు వేరు, లోపల మనిషి ఒకడే. లీటరున్నర ఇంజను, మూడు సిలిండర్లు, పక్కనే కరెంటు మోటారు, వెనక డిక్కీ కింద బ్యాటరీ. ఆ బ్యాటరీ ఎంతదనుకున్నారు? 0.76 యూనిట్. కరెంటు బిల్లులో చూసే యూనిట్టే. పాత సీలింగ్ ఫ్యాను ఒకటి రాత్రి పది గంటలు తిరిగితే హరించుకుపోయే కరెంటు. ఇంత ముష్టి బ్యాటరీ అంత బండిని లాగుతుందా అని నాకు ముందు నవ్వొచ్చింది.

తర్వాత మా అమ్మ పోపుల డబ్బా గుర్తొచ్చింది. నాన్న జీతం బీరువాలో ఉండేది. ఆవాలూ మెంతుల కింద అమ్మ దాచుకున్న చిల్లర మాత్రం ఎప్పుడూ యాభయ్యో అరవయ్యో రూపాయలకి మించేది కాదు. కానీ కూరలవాడొచ్చినా, పెన్సిలు కావాలన్నా, హఠాత్తుగా చుట్టాలొచ్చినా డబ్బులు అందులోంచే వచ్చేవి. సాయంత్రానికి మళ్లీ ఎక్కణ్ణుంచో నిండేది. దాని గొప్పతనం ఎంత పడుతుందన్న దాంట్లో లేదు, రోజుకి ఎన్నిసార్లు ఖాళీ అయి ఎన్నిసార్లు నిండుతుందన్న దాంట్లో ఉంది. ఈ బండి బ్యాటరీ అచ్చంగా అదే. కూకట్‌పల్లి నుంచి అమీర్‌పేట వెళ్లేలోపు ఎన్నిసార్లు బ్రేకు తొక్కుతాం! మామూలు బండిలో తొక్కిన ప్రతిసారీ పెట్రోలు పోసి సంపాదించిన వేగమంతా బ్రేకు ప్యాడ్ల దగ్గర వేడిగా మారి గాలికి పోతుంది. ఇందులో బ్రేకు మెల్లగా తొక్కితే మోటారే జనరేటరైపోయి చక్రాల ఊపుని కరెంటు చేసి డబ్బాలో వేస్తుంది. పచ్చ లైటు పడగానే అదే కరెంటుతో బండి కదులుతుంది. ట్రాఫిక్ జామ్‌లో మైలేజీ ఇచ్చే బండిని నేను ఇదివరకు నా జన్మలో చూడలేదు. సిగ్నల్ దగ్గర ఇంజను ఆగిపోయి, ఏసీ మాత్రం ఆగకుండా చల్లగా వస్తుంటే (దాని కంప్రెసరు కూడా కరెంటుదే) పక్క కార్ల పొగ చూస్తూ ఏదో దొంగతనం చేసి దొరకనట్టు ఉంటుంది.

మొదటి వారం మాత్రం నా మైలేజీ 18 దాటలేదు. కంపెనీ లెక్క లీటరుకి 27.97 అని ఉంటే నాకు 18 ఏమిటని లోలోపల కుమిలిపోయాను. ఆ ఆదివారం నాన్న తాళాలు అడిగాడు.

మా నాన్న ఆర్టీసీలో డ్రైవరుగా రిటైరయ్యాడు. ఆర్టీసీ వాళ్లకి కేఎంపీఎల్ అంటే జాతకం లాంటిది. లీటరుకి ఎన్ని కిలోమీటర్లు లాగాడన్నది డిపోలో ప్రతి డ్రైవరు పేరు పక్కనా ఉండేది. ఆటోమేటిక్ బండి ఆయన ఎన్నడూ ముట్టుకోలేదు. ఎడమ కాలికి పని లేదని చెబితే "మరి దీన్నేం చెయ్యమంటావు, ఇంట్లో పెట్టి రమ్మంటావా?" అన్నాడు. మియాపూర్ దాకా వెళ్లి వచ్చాం. ఇంటికొచ్చేసరికి ఆ ట్రిప్పు మైలేజీ 26.3. నేను తెర వంకా ఆయన వంకా మార్చి మార్చి చూశాను.

"ఏం చేశావు నాన్నా?"

"ఏం చెయ్యలేదురా. నువ్వే ఎక్కువ చేస్తున్నావు. ఎర్ర లైటు అక్కడెక్కడో కనబడుతుంటే ఇంకా తొక్కుతావేంటి? స్టేజీ వచ్చేముందే ఎక్స్‌లేటరు వదిలెయ్యాలి. బస్సు దానంతట అదే పోయి ఆగాలి."

నలభై ఏళ్ల కిందటి డీజిల్ బస్సు విద్య ఈ కంప్యూటర్ బండికి అతికినట్టు సరిపోయింది! ఆ రోజు ఆయన పక్కన కూచుని నేను నేర్చుకున్నదే మీకూ చెబుతున్నాను. దూరంగా బ్రేకు లైట్లు కనబడగానే కాలు తీసేయండి. తర్వాత బ్రేకు మీద పాదం ఆనించినట్టు పెట్టి, మెల్లగా, ఎక్కువసేపు నొక్కండి. గట్టిగా తొక్కితే మోటారు అంత ఊపునీ ఒక్కసారి పట్టుకోలేదు, మిగిలింది ప్యాడ్లకే పోతుంది. కదిలేటప్పుడు మాత్రం మరీ నత్తనడక వద్దు. కావలసిన వేగం చురుగ్గా అందుకుని కాలు కాస్త సడలిస్తే ఇంజను పడుకుంటుంది, మోటారు లాక్కుపోతుంది.

నేను చేసిన పెద్ద తప్పు ఇంకోటుంది. ఈవీ అని ఒక బటన్ ఉంది. అది నొక్కితే బండి కరెంటు మీదే, ఖర్చు లేకుండా పోతుంది కదా అని కనబడ్డప్పుడల్లా నొక్కేవాణ్ణి. డబ్బాలో చిల్లర కూడా జీతంలోంచి వచ్చిందేనన్న సంగతి మరిచిపోయాను. బ్యాటరీ అడుగంటేదాకా వాడేస్తే, దాన్ని నింపడానికి ఇంజను అవసరం లేనప్పుడు కూడా తిరగాలి. ఎప్పుడు తియ్యాలో ఎప్పుడు వెయ్యాలో ఆ కంప్యూటరుకి నాకంటే బాగా తెలుసు. ఆ బటన్ సెల్లార్లోంచి తెల్లవారుజామున చప్పుడు చెయ్యకుండా బయటపడడానికి ఉంచుకోండి.

సిగ్నల్ దగ్గర న్యూట్రల్ చేసే అలవాటు చాలామందికి ఉంటుంది. ఇందులో మానెయ్యాలి. న్యూట్రల్లో ఉన్నంతసేపూ బ్యాటరీలోకి పైసా రాదు, పోవడం మాత్రం ఏసీకీ లైట్లకీ పోతూనే ఉంటుంది. డి లోనే ఉంచి బ్రేకు మీద కాలు పెట్టుకుంటే చాలు. వాలులో న్యూట్రల్ కొట్టి జారడం సంగతి నాన్న దగ్గర ఎత్తకండి, లారీల వాళ్లని కలిపి తిడతాడు.

వాలంటే తిరుమల సంగతి చెప్పాలి. దర్శనం చేసుకుని దిగుతున్నాం. నాలుగు మలుపులు తిరిగేసరికే బ్యాటరీ గీతలు నిండుగా వచ్చేశాయి. నేను పొంగిపోయాను. ఇంకాస్త దిగగానే ఇంజను ఉన్నట్టుండి గట్టిగా మోత మొదలెట్టింది. ఎక్స్‌లేటరు మీద కాలే లేదు! గుండె జారింది. ఆ రాత్రి మాన్యువల్ తీసి, కాగితం మీద లెక్కేసి చూశాక గానీ బోధపడలేదు. నలుగురు మనుషులతో బండి టన్నున్నర. కొండకీ కిందికీ తేడా సుమారు ఏడొందల మీటర్లు. అంత బరువు అంత ఎత్తు నుంచి దిగితే విడుదలయ్యే శక్తి రెండున్నర యూనిట్లకి పైనే. మన డబ్బా చూస్తే ముప్పావు యూనిట్. అందులోనూ అడుగంటనివ్వకుండా, అంచుదాకా పోనివ్వకుండా కంప్యూటరు కాపలా కాస్తుంది. అంటే సగం కొండ దిగకముందే డబ్బా నిండిపోతుంది. ఇంక పట్టదు కాబట్టి మోటారు ఆ ఇంజనుని ఊరికే తిప్పి, దాని మొరాయింపునే బ్రేకుగా వాడుకుంటోంది. ఆ మోతలో పెట్రోలు చుక్క కూడా కాలడం లేదు. నేను కంగారుపడ్డ చప్పుడు నన్ను కాపాడుతున్న చప్పుడన్నమాట. గేరు దగ్గర బి అనే అక్షరం ఉండేది ఇలాంటి చోట్లకే. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు బి లో వేస్తే బ్రేకులు కాలిపోకుండా ఉంటాయి. ఊళ్లో మాత్రం బి లో తిప్పకండి, డబ్బాలో పడాల్సిన చిల్లరలో కొంత ఇంజను తిరగడానికే పోతుంది.

ఇంత ముచ్చటైన బుద్ధి నిన్న మొన్న పుట్టింది కాదట. ఫెర్డినాండ్ పోర్షే 1900లోనే పెట్రోలు ఇంజనుతో కరెంటు పుట్టించి, చక్రాల్లోనే మోటార్లు బిగించిన బండి ఒకటి చేశాడు. దానికి లాటిన్‌లో పెట్టిన పేరుకి ఎప్పుడూ బతికుండేది అని అర్థం. తర్వాత దాదాపు వందేళ్లు పెద్దగా ఎవరికీ పట్టలేదు. 1997 డిసెంబరులో జపాన్‌లో ప్రియస్ వచ్చాకే హైబ్రిడ్ మామూలు ఇంటి ముందుకి చేరింది. కొనేముందు ఒక్క సంగతి చూసుకోండి. హైబ్రిడ్ అని రాసిన ప్రతిదీ ఇది కాదు. మైల్డ్ రకంలో మోటారు ఇంజనుకి చెయ్యందిస్తుందే తప్ప ఒంటరిగా బండిని లాగదు. నేను మురిసిపోతున్నదంతా స్ట్రాంగ్ హైబ్రిడ్ గురించి.

ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కిన రోజు కొంచెం నీరసం వచ్చింది. 110లో పోతే మైలేజీ 19కి దిగింది. ఆలోచిస్తే న్యాయమే. అక్కడ బ్రేకు పనే లేదు, డబ్బాలో పడే చిల్లరే లేదు, పైగా గాలిని చీల్చుకుంటూ పోవాలి. తిరుగు ప్రయాణంలో 80 దగ్గర నిలకడగా ఉంచితే మళ్లీ 24 దాటింది. హైవేలో ఎక్కువ, ఊళ్లో తక్కువ అని ఇన్నాళ్లూ నేర్చుకున్న లెక్కని తిరగేసి చదువుకోవాలి. ఎక్కువగా హైవే మీదే తిరిగేవాళ్లు ఈ సంగతి కొనకముందే ఆలోచించుకోవడం మంచిది.

ఇక జాగ్రత్తలు. బండి రెడీలో ఉండగా తాళం జేబులో వేసుకుని దిగిపోవడం చాలా తేలిక, చప్పుడుండదు కదా. బ్యాటరీ తగ్గగానే ఇంజను దానంతటదే లేస్తుంది. మూసిన గ్యారేజీలో అది ప్రాణాల మీదికి తెచ్చే పొగ. దిగేముందు ఆ పచ్చ మాట ఆరిందో లేదో చూడడం ఇంట్లో అందరికీ అలవాటు చెయ్యండి. సెల్లార్లో పిల్లలూ కుక్కలూ మీ రాకని పసిగట్టరు, వాళ్లని చూసుకోవాల్సింది మీరే. చాలా హైబ్రిడ్లలో బ్యాటరీకి చల్లగాలి పోయే జాలీ ఒకటి వెనక సీటు దగ్గరో డిక్కీలోనో ఉంటుంది. ఎక్కడుందో మాన్యువల్లో చూసుకుని దానికి దుప్పట్లూ బియ్యం బస్తాలూ అడ్డం పెట్టకండి. నారింజ రంగు కేబుళ్ల జోలికి మీరూ వెళ్లకండి, వీధి మెకానిక్‌నీ వెళ్లనివ్వకండి. బండి ఆగిపోతే తాడు కట్టి లాగించొద్దు, ముందు చక్రాలు నేలకి తగలకుండా లారీ మీద ఎక్కించాలి.

అంతా చేసి నేను చిన్న బ్యాటరీ దగ్గర దెబ్బ తిన్నాను. పెద్ద బ్యాటరీ కాక, మామూలు కార్లలో ఉండే పన్నెండు వోల్టులది ఇంకొకటి ఉంటుంది. కంప్యూటర్లని నిద్ర లేపేది అదే. లోపలి లైటు వెలుగుతుండగా వదిలేసి సంక్రాంతికి ఊరెళ్లాను. పన్నెండు రోజుల తర్వాత వస్తే బండి పలకలేదు. ఆ పెద్దాయన దగ్గర దండిగా ఉన్నా, తలుపు తీసే చిన్నోడు పడిపోతే ఎవరూ బయటికి రాలేరు. పక్క ఫ్లాటాయన కారు నుంచి వైర్లు కలిపితే లేచింది. అప్పటినుంచి వారానికోసారైనా అరగంట రెడీలో ఉంచుతున్నాను, ఆరుబయట. పెద్ద బ్యాటరీ గురించి మాత్రం నాకు దిగులు లేదు. దానికి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఉంది.

వాన వెలిసిన మర్నాడు బ్రేకుల దగ్గర గరగరమంటే భయపడకండి. ప్యాడ్లకి పని తక్కువ కాబట్టి డిస్కుల మీద తుప్పు పొర పడుతుంది, ఖాళీ రోడ్డు మీద రెండుసార్లు గట్టిగా తొక్కితే పోతుంది.

ఈ మధ్య పొద్దున్నే పాల ప్యాకెట్ల వంకతో నాన్న తాళాలు పట్టుకెళ్తున్నాడు. పాలబూత్ మూడొందల గజాలు. నిన్న ఉండబట్టలేక చెప్పాను. "నాన్నా, ఇంత దగ్గరికి తీస్తే దీనికి మైలేజీ రాదు. ఇంజను వేడెక్కడానికే పెట్రోలు తాగేస్తుంది."

"తెలుసులేరా," అన్నాడు చెప్పులు వేసుకుంటూ. "అందుకే పటాన్‌చెరు దాకా పోయి తెస్తున్నా."