ఆరేదాకా ఆగాలి

లీటరు పెట్రోలు పూర్తిగా మండాలంటే ఇంజనుకి సుమారు 9,000 లీటర్ల గాలి కావాలి. బరువులో చెప్పాలంటే కిలో పెట్రోలుకి 14.7 కిలోల గాలి. ఈ అంకెను బట్టీపట్టని మెకానికల్ స్టూడెంట్ ఉండరు. కానీ అది ఏ ఊరి గాలి అని మాత్రం ప్రశ్నపత్రంలో ఎప్పుడూ అడగరు.

మాది పిడుగురాళ్ళ. సున్నపు బట్టీల ఊరు. రాత్రి ఇంటి ముందు ఆపిన కారు మీద పొద్దున్నే వేలితో పేరు రాయొచ్చు. నాన్న కిరాయికి తిప్పేది ఒక సెకండ్ హ్యాండ్ కారు. పాత ఓనరు మోజుపడి అందులో కాగితం ఫిల్టర్ తీసేయించి, కడిగి మళ్ళీ వాడుకునే కాటన్ ఎయిర్ ఫిల్టర్ పెట్టించాడు. ఇలాంటివాటికి పేరుపడ్డ కె అండ్ ఎన్ కంపెనీ 1969లో కాలిఫోర్నియాలో మొదలైంది.

కాగితం ఫిల్టర్ తన సన్నటి రంధ్రాలతో దుమ్మును ఆపుతుంది. కాటన్‌ది అలా కాదు. రెండు లోహపు వలల మధ్య మడతలు మడతలుగా గాజుగుడ్డ పొరలుంటాయి. నేత పలచన కాబట్టి గాలి తేలిగ్గా దూరుతుంది. దుమ్మును పట్టేది దారాలకు అంటిన జిగట నూనె. ఆ నూనె లేకపోతే అది చిరిగిన దోమతెరతో సమానం. లోపలికి పోయిన సన్నటి ఇసుక, పిస్టన్ రింగులకీ సిలిండర్ గోడకీ మధ్య ఆకురాయిలా పనిచేస్తుంది.

దసరా సెలవుల్లో, కిరాయి లేని ఒక ఆదివారం చూసుకుని నేనూ నాన్నా ఆ పని పెట్టుకున్నాం. ముందు మెల్లగా తట్టి పైదుమ్ము దులిపాం. క్లీనర్ రెండువైపులా కొట్టి పది నిమిషాలు నాననిచ్చాం. తర్వాత కుళాయి నీళ్ళు సన్నగా వదిలి, శుభ్రంగా ఉన్న వైపు నుంచి మురికి వైపుకి పోనిచ్చాం. ఎదురు తిప్పితే దుమ్ము గుడ్డలోకే దిగుతుంది. మొదట వచ్చిన నీళ్ళు బూడిద కలిపినట్టున్నాయి.

“ఇదంతా నేను పీల్చేదేనా అమ్మాయ్?” అన్నాడు నాన్న. నేనేం మాట్లాడలేదు.

నీడలో ఆరబెట్టాక ఫోన్ వచ్చింది. వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి గుంటూరు తీసుకెళ్ళే పెద్దాయన ఇంటి నుంచి. మర్నాటి టైము ఆరోజు సాయంత్రానికి మారిందట. ఫిల్టర్ ఇంకా తడిగానే ఉంది.

“పంక్చర్ షాపులో గాలి కొట్టిస్తే ఐదు నిమిషాల్లో ఆరదా?” అన్నాడు నాన్న. ఆ ప్రెషర్‌కి గాజుగుడ్డ నేత చెదిరిపోతుందని చెప్పాను. “పోనీ తడి మీదే నూనె కొట్టెయ్.” దీనికి అమ్మే సమాధానం చెప్పింది: “తడిసిన వత్తి నూనె పీలుస్తుందా అండీ?” నేను కేపిలరీ యాక్షన్ అని మొదలుపెట్టి అరపేజీ రాసేదాన్ని. అమ్మ ఒక్క ముక్కలో తేల్చేసింది. ఇక మిగిలింది ఫిల్టర్ లేకుండా నడపడం. అది మా ఊళ్ళో కుదిరే పని కాదు. పెద్దాయన్ని రేపు రమ్మనడమూ కుదరదు.

స్పేర్ పార్ట్స్ షాపుకెళ్ళి అదే సైజు కాగితం ఫిల్టర్ కొన్నాం. 350 రూపాయలు. నాన్న అది బిగించుకుని వెళ్ళి, పెద్దాయన్ని ఇంటి దగ్గర దింపి వచ్చేసరికి అర్ధరాత్రి దాటింది.

మర్నాడు పూర్తిగా ఆరిన కాటన్ ఫిల్టర్‌కి నూనె పట్టించాను. ఈ పనికి కొబ్బరినూనో ఇంజనాయిలో పనికిరావు, దాని నూనె దానికుంది. ఎర్రగా ఉంటుంది, ఎక్కడ పట్టిందో తెలియడానికి. ఒక్కో మడత మీద ఒక్కో సన్నటి గీతలా వేసి, ఇరవై నిమిషాలు ఆగి, తెల్లగా మిగిలినచోట మాత్రమే మళ్ళీ అద్దాలి. ప్రేమకొద్దీ ఎక్కువ పోస్తే, మాస్ ఎయిర్ ఫ్లో సెన్సర్ ఉన్న కార్లలో ఆ మిగులు నూనె గాలితో పాటు వెళ్ళి సన్నటి వేడి తీగకి అంటుకుంటుంది. సెన్సర్ గాలిని తప్పుగా కొలుస్తుంది, పెట్రోలు లెక్క తప్పుతుంది.

“ఒకసారి కొంటే చాలు” అని ఈ ఫిల్టర్లని అమ్ముతారు. డబ్బు లెక్కలో అది నిజమే కావచ్చు. కానీ కడిగిన ప్రతిసారీ అది ఒక రోజు అడుగుతుంది. సరదాకి కారు నడిపేవాడికి ఆ రోజు సెలవు. కిరాయికి తిప్పేవాడికి అది ఒక రోజు కూలి, ఒక్కోసారి ఇంకొకరి ఆసుపత్రి టైము. మా ఖర్చుల ఫార్ములాల్లో ఆ గడి నాకెక్కడా కనపడలేదు.

ఇప్పుడు డిక్కీలో ఆ కాగితం ఫిల్టర్ ఎప్పుడూ ఉంటుంది. ఒకటి ఆరుతుంటే ఇంకొకటి పనిచేస్తుంది. మీ ఇంట్లోనూ కాటన్ ఫిల్టర్ ఉంటే, క్లీనర్ కంటే ముందు రెండో ఫిల్టర్ కొనండి. నాన్నకైతే నేను మాస్కుల డబ్బా కూడా ఒకటి కొనిచ్చాను. అవి కడిగేవి కావు, రోజుకొకటి మార్చాల్సినవి. డబ్బాలో ఎన్ని తగ్గాయో సెలవులకి వెళ్ళినప్పుడల్లా లెక్కపెడుతున్నాను.