కొండెక్కడానికి అది... కొండ దిగడానికి ఇది!

అలిపిరి టోల్‌గేటు దాటితే రోడ్డు పైకి లేస్తుంది. అక్కడి నుంచి ప్రతి బండీ తన అసలు సత్తా బయటపెట్టాల్సిందే. ఒకప్పుడు ఆ దారిలో రెండు రకాల చప్పుళ్లు వినిపించేవి. ‘ర్ర్‌ర్‌...రింగ్‌’మంటూ నీలం పొగ వదులుతూ దూసుకెళ్లేది ఒకటి. తనలో తాను గొణుక్కుంటూ నింపాదిగా ఎక్కేది ఇంకొకటి. మొదటిది టూ స్ట్రోక్‌. రెండోది ఫోర్‌ స్ట్రోక్‌. వీటిలో ఏది గొప్పదంటూ తిరుపతి, చిత్తూరు టీకొట్ల దగ్గర సాగిన వాదనలకు లెక్కేలేదు. చివరికి తీర్పు చెప్పింది మాత్రం మనుషులు కాదు... కొండే!

మూడు బండ్ల ఊళ్ల నడుమ

ఈ ప్రాంతానికి మోటారు సైకిళ్ల పిచ్చి ఊరికే రాలేదు. చిత్తూరు నుంచి తూర్పుకెళితే చెన్నై. 1955 నుంచీ బుల్లెట్‌ బండికి అదే పుట్టిల్లు. పడమటికి వెళితే మైసూరు. 1960ల నుంచి 1996 వరకూ జావా, యెజ్డీ బండ్లు తయారైంది అక్కడే. నైరుతి దిక్కున హోసూరు. 1980లో టీవీఎస్‌ 50 మోపెడ్‌ రోడ్డెక్కింది ఆ ఊరి నుంచే. బుల్లెట్‌ది ఫోర్‌ స్ట్రోక్‌ ఇంజిన్‌, మిగిలిన రెంటివీ టూ స్ట్రోక్‌. పాల క్యాన్లు, టమోటా బుట్టలు, బడిపిల్లలు... అన్నిటినీ మోసింది ఈ బండ్లే.

అసలు పోటీ మొదలైంది 1985లో. ఆ ఏడాదే మన దేశంలోకి హీరో హోండా సీడీ 100, యమహా ఆర్‌ఎక్స్‌ 100 వచ్చాయి. ఇంజిన్‌ సైజు రెండింటిదీ దాదాపు ఒకటే... వంద సీసీకి కాస్త తక్కువ. కానీ శక్తి? యమహాది 11 హార్స్‌పవర్‌. హీరో హోండాది ఏడు చిల్లర!

ఎక్కేటప్పుడు ఎవరు రాజు?

ఒకే సైజు ఇంజిన్లకు అంత తేడా ఎందుకు? టూ స్ట్రోక్‌లో పిస్టన్‌ ఒకసారి పైకెళ్లి కిందికొస్తే చాలు, పెట్రోలు మండి బండిని ముందుకు నెడుతుంది. ఫోర్‌ స్ట్రోక్‌లో అదే పనికి పిస్టన్‌ రెండుసార్లు ఎక్కి దిగాలి. పైగా టూ స్ట్రోక్‌కు వాల్వుల బాదరబందీ లేదు. బరువు తక్కువ, రిపేరు తేలిక.

తిరుపతి నుంచి తిరుమలకు రెండు వేల అడుగులకు పైగా ఎక్కాలి. ఘాట్‌ వంపులో బండి వేగం పడిపోతుంది. అప్పుడు గేరు తగ్గించి యాక్సిలరేటర్‌ తిప్పితే ఆర్‌ఎక్స్‌ 100 వెంటనే ఎగిరి దూకేది. వెనుక భార్య, ముందు పిల్లాడు, పక్కన సంచీ ఉన్నా లెక్కచేసేది కాదు. సీడీ 100 మాత్రం రెండో గేరులో ఓపిగ్గా ఎక్కాల్సిందే. అంచేత ఎక్కేటప్పుడు కిరీటం టూ స్ట్రోక్‌దే.

అయితే ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది. ప్రతి వెయ్యి అడుగులకూ సుమారు మూడు శాతం శక్తి తగ్గుతుంది. ఈ నష్టం రెండింటికీ సమానమే. నాలుగు వేల అడుగులు దాటే మదనపల్లె దగ్గరి హార్స్‌లీ హిల్స్‌కు వెళితే ఇది బాగా తెలుస్తుంది. పాత కార్బురేటర్‌ బండ్లలో అక్కడ గాలి తగ్గి పెట్రోలు పాలు ఎక్కువవుతుంది. టూ స్ట్రోక్‌ అయితే పొగ పెరిగి, ప్లగ్గుకు మసి పట్టేస్తుంది.

దిగేటప్పుడే అసలు పరీక్ష

కొండ ఎక్కలేకపోతే బండి ఆగిపోతుంది, అంతే. దిగేటప్పుడు ఆగకపోతేనే ప్రమాదం. తిరుమల మొదటి ఘాట్‌ రోడ్డు 1944లో వచ్చింది. దాని రూపకల్పనలో మోక్షగుండం విశ్వేశ్వరయ్య పాత్ర ఉంది. 1974లో రెండో రోడ్డు వచ్చాక పాతదాన్ని దిగడానికి కేటాయించారు. ఆ దారిలోని అక్కగార్ల గుడి దగ్గర బండి ఆపి, కర్పూరం వెలిగించి దండం పెట్టుకోవడం డ్రైవర్లకు అలవాటు. అమ్మవార్లకు దండం పెట్టినా, గేరు మాత్రం చేతిలో ఉండాల్సిందే!

ఫోర్‌ స్ట్రోక్‌ బండిని రెండో గేరులో వేసి యాక్సిలరేటర్‌ వదిలేస్తే ఇంజినే బండిని వెనక్కి లాగుతుంది. దీన్నే ఇంజిన్‌ బ్రేకింగ్‌ అంటారు. బ్రేకు మీద భారం తగ్గుతుంది. టూ స్ట్రోక్‌లో ఈ పట్టు చాలా తక్కువ. భారమంతా బ్రేకుల మీదే. అవీ డ్రమ్‌ బ్రేకులు. అదే పనిగా నొక్కితే వేడెక్కి, కాలిన వాసన వచ్చి, చివరికి పట్టు జారిపోతాయి.

ఇంకో చిక్కూ ఉంది. టూ స్ట్రోక్‌ ఇంజిన్‌లో పిస్టన్‌కు అందే ఆయిల్‌ పెట్రోలుతో కలిసే వస్తుంది. పెట్రోలులోనే ఆయిల్‌ కలుపుకునే బండిలో యాక్సిలరేటర్‌ మూసేసి కిలోమీటర్ల కొద్దీ గేరులో దిగితే పెట్రోలుతో పాటే ఆయిలూ తగ్గిపోతుంది. పిస్టన్‌ పట్టేస్తే వెనక చక్రం అక్కడికక్కడే బిగుసుకుంటుంది. అందుకే అనుభవజ్ఞులు మధ్యమధ్య యాక్సిలరేటర్‌ కాస్త తిప్పుతూ దిగేవారు. బండి ఏదైనా పెద్దవాళ్లు చెప్పే మాట ఒకటే... ‘నాయనా, పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో దిగొద్దు!’

పొగ పెట్టిన చిచ్చు

టూ స్ట్రోక్‌ను ఓడించింది కొండ ఒక్కటే కాదు. పాత కార్బురేటర్‌ ఇంజిన్లలో పోసిన పెట్రోలులో దాదాపు మూడో వంతు మండకుండానే పొగగొట్టం నుంచి బయటికి పోయేది. అంటే జేబుకీ చిల్లు, గాలికీ హాని. దేశంలో కాలుష్య నిబంధనలు బిగిసేకొద్దీ టూ స్ట్రోక్‌ బండ్లు ఒక్కొక్కటిగా తప్పుకున్నాయి. ఆర్‌ఎక్స్‌ 100 తయారీ 1996లోనే ఆగింది. హోసూరు మోపెడ్‌ కూడా 2015లో ఎక్స్‌ఎల్‌ 100తో ఫోర్‌ స్ట్రోక్‌ దారి పట్టింది.

ఇది మన ఒక్కరి కథే కాదు. అమెరికాలోని ఎల్లోస్టోన్‌ జాతీయ పార్కులో మంచు మీద నడిచే స్నోమొబైళ్ల విషయంలోనూ ఇదే గొడవ. బరువు తక్కువ, దూకుడు ఎక్కువని కుర్రకారు టూ స్ట్రోక్‌ను మెచ్చుకుంటే, పొగా చప్పుడూ భరించలేమని పార్కు అధికారులు 2000లలో నిబంధనలు తెచ్చారు. దాంతో ఫోర్‌ స్ట్రోక్‌ బండ్లదే పైచేయి అయింది.

బరిలోకి మూడో వీరుడు

ఇప్పుడు ఘాట్‌ రోడ్డు మీద చప్పుడే లేని బండ్లు తిరుగుతున్నాయి. 2022లో ఆర్టీసీ తిరుమలకు విద్యుత్‌ బస్సులు మొదలుపెట్టింది. విద్యుత్‌ బండికి ఎక్కేటప్పుడు టూ స్ట్రోక్‌ను మించిన ఊపు ఉంటుంది. దిగేటప్పుడు మోటారే జనరేటర్‌గా మారి బండిని పట్టి ఆపుతుంది. ఎక్కడానికి ఖర్చయిన కరెంటులో కొంత దిగేటప్పుడు మళ్లీ బ్యాటరీలోకి చేరుతుంది. టూ స్ట్రోక్‌ దూకుడు, ఫోర్‌ స్ట్రోక్‌ నిదానం... రెండూ ఒకే బండిలో కుదిరాయన్నమాట!

పాత ఆర్‌ఎక్స్‌ 100ను కన్నబిడ్డలా చూసుకునేవారు ఈ సీమలో ఇప్పటికీ ఉన్నారు. ఆదివారం పూట తుడిచి, మెరిపించి, ఒక్క కిక్‌ కొట్టి ఆ చప్పుడు విని మురిసిపోతారు. మురిసిపోవచ్చు, తప్పులేదు. కానీ పిల్లాపాపలతో కొండ దిగాల్సి వస్తే మాత్రం గొణుక్కుంటూ నడిచే బండే మేలు. వేగంగా ఎక్కితే మిగిలేది నాలుగు నిమిషాలు... జాగ్రత్తగా దిగితే మిగిలేది ఇల్లంతా!