తిరుగు టికెట్టు కాపలావాళ్లకే

బెర్లిన్‌లో ఎస్7 లోకల్ రైలెక్కి పడమరగా పోతే గ్రూనెవాల్డ్ వస్తుంది. ఒకవైపు అడవి, ఒకవైపు ధనికుల పాత బంగళాలు. స్టేషన్ కింది సొరంగంలో 17వ ప్లాట్‌ఫాం బోర్డు చూసి మెట్లెక్కాను. ఇక్కడ బళ్లు ఆగవు. పట్టాల మీద చెట్లు మొలిస్తే కొట్టకుండా వదిలేశారు, ఈ పట్టాల మీద మళ్లీ ఏ రైలూ కదలకూడదని.   

ప్లాట్‌ఫాం అంచున 186 ఇనుప పలకలు. నాజీలు ఇక్కణ్నుంచి రైళ్లలో తరలించిన యూదుల లెక్క వాటిమీద ఉంది. తేదీ, ఎంతమంది, ఎక్కడికి: లోద్జ్, రీగా, ఆష్విట్జ్. పేర్లు లేవు. మొదటి తేదీ 1941 అక్టోబరు 18. చివరిది 1945 మార్చి 27, పద్దెనిమిది మంది. అప్పటికి సోవియట్ సేన బెర్లిన్ దగ్గరి ఓడర్ నది దాకా వచ్చేసింది. అప్పుడు కూడా ఆ పద్దెనిమిది మందిని పంపడానికి ఎవరో తీరిక చేసుకున్నారు.

1998లో ఈ స్మారకం పెట్టించింది జర్మన్ రైల్వేయే. దానికి ముందున్న రైష్‌బాన్ ఈ ప్రయాణాలకు లెక్కగట్టి డబ్బు తీసుకుంది. మనిషికి కిలోమీటరుకు 4 ఫెనిగ్‌లు (జర్మన్ పైసలు), పిల్లలకు సగం, నాలుగేళ్లలోపు పిల్లలకు ఉచితం, 400 మంది దాటితే గుంపు రాయితీ. యూదులకు పోవడానికే టికెట్టు, కాపలావాళ్లకు రానూపోనూ. ఆ బిల్లు రాసిన గుమాస్తా ఎవరిమీదా చెయ్యెత్తి ఉండడు. గమ్యంలో ఏం జరుగుతుందో తెలియదనీ అనొచ్చు. ఎవరికి తిరుగు టికెట్టు అక్కర్లేదో మాత్రం అతనికి తెలుసు. రైష్‌బాన్‌లో రెండో పెద్ద అధికారి ఆల్బర్ట్ గాంజెన్‌మ్యూలర్ మీద 1973లో విచారణ మొదలైంది. అతనికి గుండెపోటు రావడంతో ఆగిపోయింది. శిక్ష లేకుండానే 1996 దాకా బతికాడు.

గుమాస్తా కన్నా ఇరుగుపొరుగే నాకు మింగుడుపడలేదు. మొదటి గుంపును మోఆబిట్ పేటలోని లెవెట్‌జో వీధి యూదు ప్రార్థనాలయం నుంచి ఊరి మధ్యగా ఇక్కడికి నడిపించారు. పిల్లలు, జబ్బువాళ్లు లారీల్లో. దారి పొడవునా ఇళ్లు, ఇళ్లకు కిటికీలు. పంపేముందు 16 పేజీల ఫారంలో మంచాలు, దుప్పట్లు, చొక్కాలతో సహా ఆస్తి రాయించుకునేవారు. తర్వాత సామాను వేలం. యుద్ధం అయ్యాక చాలామంది తమకేమీ తెలియదన్నారు. మనుషులు తిరిగి రారని గట్టిగా అనుకోకపోతే పక్కింటివాళ్ల భోజనాల బల్లను ఎవరు పాడుకుంటారు?

నోరెత్తడానికి వాళ్లు భయపడ్డారంటే అబద్ధమని అనను. అయినా బెర్లిన్‌లో దాదాపు 1,700 మంది యూదులు ఎవరో ఒకరు దాచిపెడితేనే చాటున బతికి బయటపడ్డారు. 1943 ఫిబ్రవరి చివర్లో పోలీసులు యూదు భర్తల్ని పట్టుకుపోతే, యూదులు కాని భార్యలు రోజెన్ వీధిలో వాళ్లను ఉంచిన భవనం ముందు రోజుల తరబడి నిలబడ్డారు. ఆ భర్తల్లో ఎక్కువమందిని వదిలేశారు. నిరసన వల్లే వదిలారా అన్నది చరిత్రకారుల మధ్య ఇంకా తెగని తగువు. నాకు పట్టేది వేరే సంగతి: ఆ ఆడవాళ్లను ఎవరూ కాల్చలేదు. నాజీల లెక్కలో ఆర్యులు కాబట్టి వాళ్లకు చెల్లిందంటారు. కిటికీల్లోంచి చూసినవాళ్లూ ఆర్యులే కదా!