పడవపేరు మీది పూత

గోపాలపురపు ఇసుకలో నిలిపియున్న పడవలలో మా అన్నగారి పడవను దూరమునుండియే గుర్తింపవచ్చును. దాని అణియముమీద తెలుగక్షరములలో 'శ్రీ గంగభవాని' అని వ్రాసియున్నది. తక్కిన పడవలపై పేర్లు ఎక్కువగా ఒడియా లిపిలో నున్నవి. రిజిస్టరు సంఖ్యలు అన్నింటికిని ఆంగ్లాక్షరములే. మా జాలరిపేటలో ఇంటింటను తెలుగే మాటలాడుదురు. చదువుట మాత్రము మా తరముతో సన్నగిలుచున్నది. 1936లో గంజాము మద్రాసు రాజధానినుండి విడివడి ఒరిస్సాలో చేరిన నాటినుండి జరిగిన కథ చదువరులకు తెలిసినదే కావున దానిని ఇచట విస్తరింపము. ఆ పేరుపైనున్న వార్నీషు పూత చెడగా బాగుచేసిన వృత్తాంతమును మాత్రమే మనవి చేసెదము.

2013 అక్టోబరు 12న పైలిన్ తుపాను మా తీరమును దాకినపుడు అన్నగారి కొయ్యపడవ ముక్కలైపోయినది. మఱుసటి యేడు అప్పుచేసి ఫైబరు పడవ కొనిరి. కొయ్యపడవకైనచో ఏటేట నూనెయు గుగ్గిలమును పట్టించుట మా తండ్రిగారి నాటినుండి అలవాటు. ఫైబరునకు ఆ బాధ లేదని అందఱును సంతోషించిరి. అన్నగారు మాత్రము తెల్లని అణియముపై నీలి ఎనామెలు రంగుతో తామే పేరు వ్రాసి, రంగు ఎండకు వెలిసిపోకుండుటకై దానిపై పారదర్శకమైన వార్నీషు మూడు పూతలు వేసిరి. ఆయన చదివినది తెలుగు బడిలో మూడవ తరగతి. బరంపురమున గుమాస్తాపని చేయుచున్న మాకు అక్షరదోషము కంటబడినచో నోరు ఊరకుండదు. "అన్నయ్యా, గంగా అని దీర్ఘం ఉండాలి" అంటిమి. ఆయన కుంచె కడుగుచు, "దీర్ఘం లేకపోతే తల్లి పలకదేంట్రా?" అని నవ్విరి.

2021లో అన్నగారు కాలము చేసిరి. పడవ వారి కుమారుని చేతికి వచ్చినది. మేము ఉద్యోగ విరమణానంతరము పేటకు తిరిగివచ్చితిమి. తూర్పుతీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు 61 దినములు యంత్రపడవల వేటకు నిషేధము గదా. 2024 వేసవిలో ఆ దినములయందు పడవ ఒడ్డుననే యుండగా దగ్గఱకు బోయి చూచితిమి. వార్నీషు పసుపువన్నెకు తిరిగి, లంగరుతాడు ఒరసికొను చోట్ల లేచిపోయినది. లేచిన ప్రతిచోటను అంచు తెల్లగా పొక్కియుండెను. 'శ్రీ' నడుమ నొకటి, 'గ' క్రింద నొకటి, 'భ' పొట్టలో రూపాయి బిళ్లంత ఒకటి, మఱి రెండు చిన్నవి, వెరసి ఐదు గాయములు. గోటితో తాకగా పెచ్చుతో కూడ నీలిరంగు ఊడివచ్చినది. వెంటనే చేయి తీసికొంటిమి.

"చిన్నాన్నా, ఇదంతా గీకించేసి స్టిక్కరు అంటించేద్దాం. అరపూట పని" అని అన్నగారి అబ్బాయి అనెను. అతడు ఒడియా బడిలో చదివినవాడు. తండ్రి వ్రాసిన అక్షరములు అతనికి బొమ్మలవంటివి. అతనిని తప్పుపట్టుటకు మాకు నోరాడలేదు. మా కుమారులకును మేము తెలుగు చదువు చెప్పింపలేదు. వేట తెఱచువఱకు గడువిమ్మని అడిగితిమి. అతడు సరేయని యంత్రము విప్పుకొనుటకు పోయెను.

బరంపురమున కార్లకు రంగువేయు సామగ్రి అమ్మెడు దుకాణమున అడుగగా, రెండు డబ్బాల ద్రవములను కలిపి వేయు క్లియర్ కోటు మేలని యిచ్చిరి. అది గట్టిది, అద్దమువలె మెఱయునది, సందేహము లేదు. దాని ఆవిరి ఊపిరితిత్తులకు చేటు గావున తగిన ముసుగు లేనిదే వాడరాదు. ముసుగు తొడిగికొని 'ని' గుడి కొనపై చిటికెడంత పూసి చూచితిమి. కొంతసేపటికే క్రింది ఎనామెలు ముడుతలు పడి పైకి లేచెను. ఆ థిన్నరు ఘాటునకు పాత రంగు తట్టుకొనలేదు. అన్నగారి చేతివ్రాతలో ఒక గుడి కొన ఆ విధముగా మా చేతులమీదుగా పోయినది. ఆ రాత్రి అన్నము సహింపలేదు. ముందుగా ఒక మూలను పరీక్షించుట మంచిదే. ఆ మూల అక్షరము కారాదను ఇంగితము మాకు లేకపోయెను.

పిదప అన్నగారు వాడిన జాతి వార్నీషునే, టర్పెంటైనుతో పలుచనగు ఒకే డబ్బా సరుకును తెచ్చితిమి. మొదటి పని ఉప్పు తీయుట. సబ్బునీటితోను, పిమ్మట మూడుమార్లు మంచినీటితోను కడిగి, ఆరిన తరువాత తడివేలితో రుద్ది నాలుకకు తాకించి చూచుచుంటిమి. ఉప్పు ఏమాత్రము మిగిలినను అది పూతక్రింద చెమ్మను పీల్చి మరల పొక్కించును. పేటలోని పిల్లలు మాకు 'పడవను నాకే తాత' అని పేరుపెట్టిరి.

లేచిన అంచులకు అంటుపట్టీ వేసి లాగినచో పట్టులేని వార్నీషు దానితోనే వచ్చును. పట్టున్నదానిని బలవంతముగా గీకరాదు. అక్షరములపై పట్టీ వేయుటకు ధైర్యము చాలక అచట వెదురుపుల్లతో పెచ్చులను తీసితిమి. తరువాత 400 నంబరు వాటర్ పేపరును తడిపి అంచును వాలుగా అరగదీయవలెను. గోటిని అడ్డముగా పోనిచ్చినపుడు మెట్టు తగులరాదు. చుట్టును రెండంగుళములు 600 నంబరుతో మసకబఱుపవలెను, నునుపుమీద కొత్త పూత పట్టదు. నీలిరంగు బయటపడిన చోటికి కాగితమును పోనీయలేదు. రంగు ఊడిన చోట్ల సన్నని కుంచెతో ఎనామెలు నింపి రెండు దినములు ఆరనిచ్చితిమి. కొత్త నీలము పాతదానికంటె చిక్కగా కనబడినది. దానికి ఉపాయము దొరకలేదు.

మా ఒడ్డున వార్నీషు వేయు వేళ చాల స్వల్పము. రాత్రి చెమ్మ ఆరవలెను. పొద్దెక్కినకొలది ఫైబరు కాలి కుంచె సాగదు. మధ్యాహ్నమునకు సముద్రపుగాలి ఇసుకను మోసికొనివచ్చును. ఏడు గంటలకు మొదలిడి తొమ్మిదింటికి ముగించుచుంటిమి. మొదటి పూత టర్పెంటైను కలిపి పలుచగాను, తక్కినవి చిక్కగాను, ఒక్కొక్కటి ముందటిదానికంటె కొంచెము వెడల్పుగాను వేయుచు, నడుమ ఒక దినము ఆరనిచ్చి, తేలికగా రుద్ది తుడిచి, ఐదు పూతలు వేసితిమి. గుమాస్తాలకు గడువన్న భయము మెండు. మూడవ పూతను తొందరపడి మబ్బుపట్టిన సాయంకాలము వేయగా తెల్లవాఱుసరికి పాలవలె మసక కమ్మినది. దానిని రుద్ది తీసి మరల వేయవలసివచ్చెను.

అతుకులు ఇప్పటికిని తెలియుచునే యున్నవి. పాత వార్నీషు తేనెవన్నెది, కొత్తది తెల్లనిది. కడపటి పూతనాడు అన్నగారి అబ్బాయి వచ్చి ప్రక్కన కూర్చుండి, 'భ'ను చూపి, "ఇదేం అక్షరం చిన్నాన్నా?" అని అడిగెను. చెప్పి, ఇసుకలో వ్రాసి చూపితిమి. అతడును వ్రాసెను, వత్తు మఱచెను.

కొన పోయిన గుడిని అంతకుముందే మేము పూరించియుంటిమి. ఆనాడు 'గ' ప్రక్కన దీర్ఘమునకు చోటు పుష్కలముగా నుండెను. కుంచెలో నీలిరంగును ఉండెను. చేయి ఒకసారి అటు పోయినది. వెనుకకు తీసికొని కుంచె కడిగితిమి.

జూన్ 15 వేకువను పడవ నీట దిగినది. మిగిలిన వార్నీషును చిన్న సీసాలో నిండుగా పోసి మూత బిగించి అబ్బాయి చేతికిచ్చితిమి. వెలితియైనచో లోని గాలికి మీగడ కట్టును. సీసాపై ఏమున్నదో వ్రాసి యిమ్మని అతడే అడిగెను. ఏ లిపిలోనని మేము అడిగితిమి. "పడవమీద ఉన్నట్టే రాయి" అనెను.