వెలుగు లెక్క, చిత్రకారుడి చూపు

2020లో విడుదలైన సైబర్‌పంక్ 2077 గేములో రే ట్రేసింగ్, అంటే కాంతి కిరణం దేన్ని తాకి ఎటు మళ్లుతుందో లెక్కగట్టి నీడలను, ప్రతిబింబాలను గీసే పద్ధతి, వాన వెలిసిన వీధి గుంటల్లో నియాన్ బోర్డుల వెలుగును కళ్లకు కడుతుంది కనుక, భారీ బడ్జెట్ పీసీ గేముల్లో గ్రాఫిక్స్‌ను వట్టి హంగు అనడం అన్యాయం. ఆ గేములోని నగరాన్ని నమ్మించేది చాలావరకు ఆ వెలుగే. అయితే 2022లో ఎల్డెన్ రింగ్ గేము రే ట్రేసింగ్ లేకుండానే వచ్చింది. అయినా దాదాపు ఎక్కడ నిలిచినా కనిపించే దాని బంగారు మహావృక్షం ఆటగాడికి దిక్కు చూపుతూ, అటు వెళ్లాలన్న ఆశను రేపుతుంది. ఇది రంగునూ ఆకారాన్నీ దూరాన్నీ ముందే నిర్ణయించే కళాదర్శకత్వం సాధించిన ఫలితం. ఎంత ఖరీదైన గ్రాఫిక్స్ కార్డయినా దీన్ని తెచ్చిపెట్టలేదు. పైగా ఫ్రేమ్ రేటు, అనగా సెకనుకు తెరపై మారే చిత్రాల సంఖ్య, పోరాటం నడుమ పడిపోతే ఎంతటి మెరుగైనా ఆటకు అడ్డే.