నర్సమ్మ చదువు: తిరువళ్లూరు, తిరుత్తణి పల్లెల పాఠాలు

గ్రామ ఆరోగ్య నర్సు చదువు రెండేళ్లలో ముగుస్తుంది. ఉద్యోగం మాత్రం ముప్పై ఏళ్ల దాకా సాగుతుంది. ఆ ముప్పై ఏళ్లలో మందులు, మోతాదులు, ఊళ్లో కనిపించే జబ్బులు అన్నీ మారిపోతాయి. మైదాన ప్రాంతంలో ఒక ఉపకేంద్రం కింద సుమారు 5,000 మంది ఉంటారు. వారికి మొదట కనిపించే వైద్యం ఆమే కాబట్టి ఆమె చదువు ఆగితే ఊరి వైద్యం కూడా అక్కడే ఆగుతుంది.

నేర్చుకున్నది ఎలా పాతబడుతుందో క్షయవ్యాధి విషయంలో తమిళనాడులోని తిరువళ్లూరు పల్లెలు స్వయంగా చూశాయి. ఈ ప్రాంతం చెంగల్పట్టు జిల్లాలో ఉన్న రోజుల్లో, 1968లో, ఇక్కడ బీసీజీ టీకాపై భారీ పరీక్ష మొదలైంది. పెద్దల్లో ఊపిరితిత్తుల క్షయను ఆ టీకా ఆపలేదని తేలింది. అయినా పసిబిడ్డలకు మెదడు పొరల క్షయ వంటి తీవ్ర రూపాల నుంచి రక్షణ ఇస్తుంది కనుక పుట్టగానే వేయడం కొనసాగింది. 1999లో తిరువళ్లూరు జిల్లాలో డాట్స్ విధానం వచ్చింది. ఆరోగ్య కార్యకర్త కళ్లెదుట, వారానికి మూడుసార్లు మందు మింగించేవారు. 2017లో దేశమంతటా రోజువారీ మందు అమలైంది. ‘అప్పుడట్లా చెప్పి ఇప్పుడిట్లా అంటే ఎట్లా నర్సమ్మా?’ అని రోగి అడిగితే, మోతాదులు తప్పితే జబ్బు తిరగబెడుతుందని, మందులకు లొంగకుండా పోవచ్చని ఆమె వివరించగలగాలి. ఉత్తర్వు ఒక్కటే చేతికిస్తే ఆమె దగ్గర ఆ జవాబు ఉండదు. అందుకే శిక్షణలో మార్పుతోపాటు దాని కారణాన్నీ నేర్పాలి.

తిరుత్తణి వైపు భాష కూడా పాఠంలో భాగమే. 1960 ఏప్రిల్ 1న ఈ తాలూకా చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి మారింది. పల్లెల్లో మాత్రం తెలుగు నిలిచింది. ఎనిమిదో నెల గర్భిణి ‘తలనొస్తా ఉంది, కండ్లు మబ్బుగా ఉండాయి’ అంటే నీరసమని సరిపెట్టుకోవడం ప్రమాదం. రక్తపోటు 140/90 దాటి, మూత్రంలో ప్రోటీన్ కనిపిస్తే, ఆ మాటలు గుర్రపువాతానికి, అంటే గర్భిణికి వచ్చే మూర్ఛకు, ముందు వచ్చే హెచ్చరిక కావచ్చు. మూర్ఛ వస్తే ఉపకేంద్రంలోనే మెగ్నీషియం సల్ఫేట్ మొదటి మోతాదు, రెండు పిరుదులకూ 5 గ్రాముల చొప్పున ఇచ్చి, వెంటనే పెద్దాసుపత్రికి పంపాలి. ఏళ్ల తరబడి ఈ సూది వేసే అవసరం రాని నర్సు చేయి అసలు సమయంలో తడబడుతుంది. ఆమెను తప్పుపట్టి లాభం లేదు. వాడని నైపుణ్యం ఎవరికైనా సన్నగిల్లుతుంది.

పాముకాటు మరో పాఠం. ఇటుక బట్టీల దగ్గర, గుడిసెల్లో నేలమీద పడుకునేవారిని కట్లపాము రాత్రివేళ కరుస్తుంది. నొప్పి, వాపు దాదాపు ఉండవు. తెల్లవారుజామున కడుపునొప్పితో లేస్తారు, కాసేపటికి కనురెప్పలు వాలతాయి. అజీర్ణమని మాత్ర ఇచ్చి పంపితే ఊపిరి ఆగేదాకా తెలియదు. రక్తపింజర కాటును పట్టించే ఇరవై నిమిషాల రక్తపరీక్ష ఇక్కడ ఉపయోగపడదు. కట్లపాము విషం నరాలపై పనిచేస్తుంది కాబట్టి రక్తం మామూలుగానే గడ్డకడుతుంది. ‘గడ్డకట్టింది, భయం లేదు’ అనుకోవడం ప్రాణాంతకం. శిక్షణ బొమ్మపై ‘కట్టువిరియన్’ అని తమిళంలో ఉన్నదే తెలుగువారి కట్లపాము అని కూడా నర్సుకు తెలియాలి.

2021 ఆగస్టులో తమిళనాడు ‘మక్కళై తేడి మరుత్తువం’ పథకం ప్రారంభించి బీపీ, షుగరు మందులను ఇంటి గడపకు చేర్చింది. కాన్పులు, టీకాల చుట్టూ తిరిగిన నర్సు పనికి జీవితాంతం సాగే జబ్బులు తోడయ్యాయి. ఈ పథకం కింద ఇంటింటికీ తిరిగే మహిళా కార్యకర్తకు మాత్రలు పంచడం ఒక్కటే వస్తే చాలదు. పాదంలో మానని పుండును, షుగరు పడిపోయినప్పటి చెమటను, వణుకును గుర్తించడం కూడా రావాలి.

ఇవన్నీ ఏడాదికొకసారి పట్నంలో జరిగే ఉపన్యాసంతో రావు. నర్సు వారంపాటు శిక్షణకు వెళ్తే ఉపకేంద్రానికి తాళం పడుతుంది. కాబట్టి శిక్షణే ఆమె దగ్గరకు రావాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెలవారీ సమావేశం ఎలాగూ జరుగుతుంది. లెక్కలు అప్పజెప్పాక అందులో ఒక గంట కేటాయించి బిడ్డకు ఊపిరి అందించడం, కాన్పు తర్వాత రక్తస్రావం ఆపడం బొమ్మలపై చేతులతో చేయించవచ్చు. ఒకే అభ్యాసం ఏడాదిలో మూడు నాలుగుసార్లు తిరిగి రావాలి. నర్సుల రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు ఐదేళ్లలో 150 గంటల కొనసాగింపు విద్య ఉండాలని భారత నర్సింగ్ మండలి నిబంధన. ఆ గంటలు పత్రాలకోసం కాక ఇలాంటి పనిలో గడిస్తేనే వాటికి విలువ.

పెద్దాసుపత్రికి పంపిన రోగి ఏమయ్యాడో పంపిన నర్సుకు తిరిగి తెలియజేయాలి. గుర్తించినది సరైనదా, ఆలస్యం ఎక్కడ జరిగింది, దారిలో ఇంకేం చేయగలిగి ఉండేవారు అన్నవి నింద లేకుండా అందరూ కూర్చుని మాట్లాడుకోవాలి. తప్పు చెబితే శిక్ష పడుతుందన్న భయం ఉన్నచోట తప్పులు దాగుతాయి, పాఠాలూ వాటితోనే దాగుతాయి. పోయిన నెల చూసిన రోగి నుంచి నేర్చుకున్నది వచ్చే నెల రోగికి అందితే, అదే పల్లె నర్సుకు నిజమైన కొనసాగింపు విద్య.